నీలవ్వ కట్టిన తాబేళ్ళ తొట్టి

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు నీలవ్వ మనవరాలితో అబద్ధమాడింది. కూర మాడిందా, కుండ పగిలిందా అనే చిన్నాచితకా అబద్ధం కాదు. చచ్చినదాన్ని బతికుందని చెప్పిన అబద్ధం.

ఫోన్ చేసింది భూమిక. నవీపేట్ దగ్గర హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. అక్కడ వారానికొకసారి, ఆదివారం పదింటికి, వార్డెన్ మేడం ఫోన్‌లో ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు ఇస్తారు. ఆ ఐదు నిమిషాల్లో తండ్రి గురించి అర నిమిషం, నాయినమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అర నిమిషం, మిగిలిన నాలుగు నిమిషాలూ రెండు తాబేళ్ళ గురించే.

"నాయినమ్మా, కొమ్ము ఏం జేస్తున్నది?"

"పండుకున్నది బిడ్డా."

"మండ?"

నీలవ్వ పెరట్లోకి చూసింది. నిన్న మధ్యాహ్నమే మండను గోడ పక్కన జానెడు గుంట తీసి పూడ్చింది. కుక్కలు తవ్వకుండా పైన బండరాయి కూడా పెట్టింది.

"మస్తుగున్నది. తింటున్నది, తిరుగుతున్నది."

"నిజంగనా?"

"నిజంగనే బిడ్డా."

'నీ తోడు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మాత్రం మింగేసింది. అబద్ధానికి పిల్లను తోడు పెట్టేంత పాపానికి ఆమె ఇంకా ఒడిగట్టలేదు.

కొమ్ము, మండ అన్నవి తాబేళ్ళ పేర్లు. పసుపు పండించే ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకేం పేర్లు పెడుతుంది? ఒకటి కాస్త పొడుగ్గా ఉందని కొమ్ము, ఇంకోటి గుండ్రంగా ఉందని మండ. మార్కెట్ యార్డులో పసుపు దుంపలను వేరు చేసినట్టే వేరు చేసింది. పోయిన మే నెలలో తండ్రి మహేష్ వాటిని నిజామాబాద్ నుంచి తెచ్చినప్పుడు రెండూ అరచేతిలో ఇమిడేంతే ఉన్నాయి. ఆకుపచ్చ డిప్పలు, కంటి వెనక ఎర్రటి గీత. జూన్‌లో హాస్టల్‌కు పోతూ భూమిక వాటిని నాయినమ్మకు అప్పజెప్పింది.

నీలవ్వ వాటిని ప్రేమగానే చూసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రేమకు కొదవ లేదు, తెలివిడి లేదు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పోసి వంటింటి మూలన నీడలో పెట్టింది. బయట పెడితే కాకి తన్నుకుపోతుందని భయం. ఎక్కి కూర్చోవడానికి ఒక్క రాయైనా వెయ్యలేదు. నీళ్ళలో బతికేదానికి నీళ్ళు కాక ఇంకేం కావాలనుకుంది. అలా అవి నెలల తరబడి కాలు మోపే చోటు లేక ఈదుతూనే ఉన్నాయి పాపం. డిసెంబర్ చలి ముదిరేసరికి డిప్పల మీద తెల్లటి మచ్చలు లేచాయి.

ఇక్కడ ఆర్మూర్ పక్క మనుషులకున్న జబ్బు గురించి ఒక మాట చెప్పుకోవాలి. వీళ్ళకు ప్రతి జబ్బుకూ పసుపే మందు. వేలు తెగితే పసుపు, గొంతు పట్టేస్తే పసుపు, బర్రె గిట్ట పగిలితే పసుపు. కొత్త ట్రాక్టరుకు జబ్బేమీ లేకపోయినా ముందు జాగ్రత్తకు దానికీ పసుపు. నీలవ్వ మాత్రం ఊరికి భిన్నంగా ఎందుకుంటుంది? పల్లినూనెలో పసుపు కలిపి, దూదితో రోజూ రెండు డిప్పలకూ దట్టంగా పట్టించింది. టబ్బు నీళ్ళలో చిటికెడు వేసింది. చిటికెడు కాస్తా వారం తిరిగేసరికి చెంచా అయింది. మచ్చలు కనబడకుండా పోయాయి. అంత పసుపు కింద ఏముందో ఎవరికి కనబడుతుంది? పక్కింటి గంగామణి చూసి, "పెండ్లిపిల్లల లెక్క తయారు జేసినవ్ గదా వీటిని!" అని నవ్వితే, నీలవ్వ కూడా మురిసిపోయి నవ్వింది.

జనవరి చివర్లో మండ తిండి మానేసింది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి. శనివారం మధ్యాహ్నం చూస్తే నీళ్ళలో పక్కకు ఒరిగి తేలుతోంది.

ఇప్పుడు ఫోన్ పెట్టేసి నీలవ్వ టబ్బు దగ్గరికి పోయి కొమ్మును అరచేతిలోకి తీసుకుంది. దాని ఎడమ కన్ను అప్పటికే మూసుకుపోయింది. కుడి కన్ను సగం తెరిచి ఉంది. నాలుగు కాళ్ళూ సత్తువ లేకుండా వేలాడుతున్నాయి. "నువ్వు గూడ పోకే తల్లీ," అంది నీలవ్వ. "నీ కాళ్ళు మొక్కుత, నువ్వు పోకు."

ఒక తాబేలు కోసం ఇంత ఇదేమిటని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. సంగతి తాబేలుతో మొదలైంది కాదు.

పది నెలల కిందట, ఏప్రిల్‌లో, భూమిక తల్లి అశ్విని కామెర్లు ముదిరి నిజామాబాద్ దవాఖానలో చనిపోయింది. అప్పటికి పిల్లకు ఇంకా మూడు పరీక్షలు ఉన్నాయి. "ఇప్పుడు చెప్తే పిల్ల ఆగమైతది. పరీక్షలు అయినంక చెప్పుదాం," అన్నాడు మహేష్. పెద్దవాళ్ళందరూ తలలూపారు. నీలవ్వ కూడా ఊపింది. శవం ఇంటికి వచ్చిన ఆదివారం పొద్దునే హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. ముత్తైదువుగా పోయిందని కోడలి ఒంటికి పసుపు పూస్తున్న నీలవ్వ, అవే చేతులతో ఫోన్ అందుకుని, "మీ అమ్మ మంచిగనే ఉన్నది బిడ్డా, పండుకున్నది," అని చెప్పింది.

పరీక్షలు అయిపోయి పిల్ల సంచి భుజాన వేసుకుని, "అమ్మా!" అని అరుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. గోడకు దండ వేసిన ఫోటో చూసింది. ఏడుస్తుందని అందరూ కాసుకుని ఉన్నారు. ఏడవలేదు. "ఏ రోజు?" అని అడిగింది. చెప్తే వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, "నేను లెక్కల పరీక్ష రాసిన రోజు," అంది. తర్వాత నీలవ్వ వైపు తిరిగి, "మంచిగున్నదని చెప్పినవ్ గదా నాయినమ్మా," అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అంతే, అడిగింది.

అప్పటినుంచి ఈ రోజుదాకా ఆ పిల్ల కంట నీటిచుక్క రాలేదు. అప్పటినుంచే ప్రతి మాటకూ వెనకాల "నిజంగనా?" అని అడగడం పట్టుకుంది. ఏమీ తోచక తండ్రి ఆ తాబేళ్ళను తెచ్చింది కూడా అప్పుడే. వాటిని చూసి పిల్ల మళ్ళీ నవ్వింది. అందుకే నీలవ్వకు ఆ కొమ్ము బతకాలి. కొమ్ము బతికి ఉంటే, మండ సంగతి ఎలాగో మెల్లగా చెప్పుకోవచ్చు. కొమ్ము కూడా పోతే, ఆ పిల్ల జన్మలో ఇంకెవరి మాటా నమ్మదు.

సోమవారం పొద్దున్నే నీలవ్వ కొమ్మును స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, మూత సగం తెరిచి, తమ ఊరు పెర్కిట్ నుంచి ఆటో ఎక్కి ఆర్మూర్ పశువుల దవాఖానకు పోయింది. అక్కడ రెండు బర్రెల వెనక, ఒక మేక ముందు వరుసలో కూర్చుంది. డాక్టరు కుర్రవాడు. డబ్బాలోకి చూసి నవ్వబోయి, ముసలామె ముఖం చూసి ఆగిపోయాడు.

"అవ్వా, నేను బర్లకు, మేకలకు చూసేటోన్ని. ఇప్పటిదాక తాబేలును ఎవ్వరు తేలే." అయినా డిప్పను గోటితో గీకి, వాసన చూసి, ఫోన్‌లో ఏదో చాలాసేపు చదివాడు. "దీనికి ఏం రాసినవ్?"

"పసుపు, సారు. నూనెల కలిపి."

"ఎందుకు?"

పుట్టి బుద్ధెరిగిన తర్వాత పసుపు ఎందుకు రాశావని నీలవ్వను అడిగిన మనిషి ఇతనొక్కడే.

"నూనెతోని మూతేసినట్టు పూసినవ్ అవ్వా. కింద డిప్ప కుళ్ళుతున్నది. దీనికి ఎండ గావాలె. నీళ్ళల్లకెళ్ళి ఎక్కి ఒళ్ళు ఆరబెట్టుకునే జాగ గావాలె. నీళ్ళు సాఫ్‌గ, జర వెచ్చగ ఉండాలె. నువ్వు పసుపు పండిస్తవ్ గద, ఉడకబెట్టినంక ఎండబెట్టకుంటే ఏమైతది?"

"బూజు పడతది సారు. లోపల మురుగుతది."

"గదే."

నలభై ఏళ్ళుగా కళ్ళంలో కూలీల మీద నీలవ్వ అరిచేది ఆ మాటే. ఎండ తగలనియ్యుండ్రి, కుప్ప చెయ్యకుండ్రి, తిప్పుండ్రి, ఆరనియ్యుండ్రి అని. ప్రాణంలేని పసుపు కొమ్ములకు చెల్లే న్యాయమే నోరులేని జీవానికీ వర్తిస్తుందని తట్టలేదు. బుర్ర ఎక్కడ పెట్టుకున్నావే ముసలిదానా అని లోలోపల తనను తాను తిట్టుకుంది.

"బతుకుతదా సారు?" అని లేచేముందు అడిగింది.

"చెప్పలేనవ్వా. గీటికి చూసేటోళ్ళు హైదరాబాద్‌ల ఉంటరు, గంత దూరం తట్టుకోదు. ముందుగాల్ల జాగ మంచిగ చెయ్యి. కండ్లల్ల గీ చుక్కలు వెయ్యి." కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కందుకు నీలవ్వ అతనికి దండం పెట్టింది.

ఆ సాయంత్రం మహేష్ ఆలూర్ నుంచి వచ్చాడు. ఈ సీజనంతా అతని పని పసుపు ఉడకబెట్టే బాయిలర్‌ను ట్రాక్టరుకు తగిలించుకుని చేను చేనుకూ తిరగడమే. ఒళ్ళంతా ఆవిరి వాసన, పసుపు వాసన. తల్లి చెప్పిందంతా విని, ముఖం కడుక్కుంటూ అన్నాడు:

"ఇప్పుడైతే పిల్లకు చెప్పకే అమ్మా. వచ్చే సోమారం నుంచి పరీక్షలున్నయ్. పరీక్షలు అయినంక చెప్పుదాం."

అన్నాక ఆ మాట తన చెవికే తగిలినట్టుంది. తువ్వాలుతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తర్వాత, "లేకుంటే గా దుకాణంల మండ లెక్కనే ఉన్నదాన్ని ఇంకోటి కొనుక్కొస్త," అన్నాడు.

"అమ్మను గూడ కొనుక్కొస్తవారా?" అంది నీలవ్వ.

అనకూడని మాట. మహేష్ అన్నం తినకుండానే లేచి పోయాడు. కానీ మంగళవారం పొద్దున నీలవ్వ లేచేసరికి, బాయిలర్‌కు నీళ్ళు మోసే నీలం డ్రమ్ముల్లో ఒకటి వాకిట్లో దొర్లించి ఉంది. మహేష్ ఎప్పుడో వెళ్ళిపోయాడు.

హైవే పక్కన కూలర్లు, మోటర్లు బాగుచేసే గంగాదాస్ దగ్గరికి నీలవ్వ ఆ డ్రమ్మును ఆటోలో వేసుకుని పోయింది. గంగాదాస్ నోటికి తాళం లేదు గానీ చేతికి పనితనం ఉంది. నిలువునా కోస్తే రెండు పడవల్లా అవుతుందని, ఒక పడవ చాలని చెప్పి, గ్రైండర్‌తో కోసి, అంచుల గరుకు పోయేదాకా రుద్దాడు.

"వదినె, మా కాలంల తాబేలును చూస్తే ఎక్కడిదక్కడ ఇడిసిపెట్టెటోళ్ళం. మీరేమో దానికి డబుల్ బెడ్‌రూం కడుతున్నరు."

"నీ పరాచికాలు తర్వాత ఆడు గంగాదాసు. నీళ్ళు సాఫ్ చేసే మిషిన్ ఏదన్న ఉన్నదా?"

"గా మిషిన్ ఎందుకు? చలికాలమేనాయె, మీ ఇంట్ల కూలర్ ఊకనే ఉన్నది గదా. దాని మోటర్ పీకుకరా."

కూలర్ మోటర్ వచ్చింది. పాత పెయింటు బకెట్‌ను కడిగి, అడుగున సన్న బెజ్జాలు పెట్టి, అందులో కింద గులకరాళ్ళు, వాటి మీద బొగ్గు, ఆ పైన పరుపులోంచి కోసిన స్పాంజి వేశారు. మోటర్ తొట్టిలో నీళ్ళను బకెట్‌లోకి ఎత్తి పోస్తే, అవి వడకట్టుకుని మళ్ళీ తొట్టిలోకే పడాలి. లెక్క బాగానే ఉంది. నీలవ్వ వాకిట్లో, పొద్దంతా ఎండ పడే చోట, డ్రమ్ము దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు పేర్చి నీళ్ళు నింపింది. మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ. డ్రమ్ము మూతి దగ్గర సందు ఉంది. దానికి లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ నింపి, మోటర్ వేస్తే, నీళ్ళు వాగు పొంగినట్టు దూకాయి. అందులో కొమ్మును వదిలితే సత్తువ లేని ఆ జీవం సుడిలో ఎండుటాకులా తిరిగి గోడకు కొట్టుకుంది. నీలవ్వ కెవ్వుమని చెయ్యి పెట్టి అందుకుంది. మళ్ళీ గంగాదాస్ దగ్గరికి పరుగు. అతను ఈసారి ఒక్క పరాచికమూ ఆడలేదు. ముసలామె ఆయాసం చూసి దుకాణం వదిలేసి తానే వచ్చి, పైపుకు నాలుగు బెజ్జాలు పొడిచి నీటి ఒత్తిడి తగ్గించాడు. కోడిపిల్లలకు పెట్టే వేడి బల్బు ఒకటి తెచ్చి, ఎండ లేని పూటకని తొట్టి మీద వేలాడదీశాడు.

ఎక్కే జాగా కోసం నీలవ్వ షాబాద్ బండ ముక్కను ఏటవాలుగా, సగం నీళ్ళలో, సగం బయట ఉండేలా ఇటుకల మీద ఆనించింది. బండ జారుతోంది. దాని మీద గోనెసంచి ముక్క కట్టాలనుకుంది. ఇంట్లో ఉన్న సంచులన్నీ పసుపు నింపినవే. ఒకటి కోసి ఉతికితే నీళ్ళు పచ్చగా వచ్చాయి. మళ్ళీ ఉతికింది, మళ్ళీ పచ్చగానే. ఏడో నీళ్ళకు గానీ తెల్లగా రాలేదు. అప్పటికీ నమ్మకం కుదరక ఉడకబెట్టింది. తొట్టిలో చెయ్యి ముంచబోయి తన అరచేతులు చూసుకుంది. పసుపు తవ్వే కాలం, గోళ్ళ సందుల్లోనూ గీతల్లోనూ అంతా అదే రంగు. బూడిదతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, చింతపండుతో రుద్దింది. చర్మం మండింది గానీ రంగు పోలేదు. పెళ్ళినాడు ఒంటికి పూసింది మొదలు ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన పసుపును చూసి ఆమె మొదటిసారి భయపడింది. చివరికి రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని కొమ్మును పట్టుకుంది.

బుధవారమంతా అదే పని. పొద్దున్నే చల్లటి నీళ్ళు తీసి, పొయ్యి మీద కాచిన నీళ్ళు కలిపి, పసిబిడ్డకు పోసే ముందు చూసినట్టు మోచేయి ముంచి చూడడం. మెత్తటి బ్రష్‌తో డిప్ప మీది జిడ్డు కొంచెం కొంచెం తీయడం. కళ్ళలో చుక్కలు వేయడం. కాకి రాకుండా పైన కిటికీ జాలీ కప్పి, పక్కన పీట వేసుకుని కూర్చోవడం. చేలో కూలీలు పని చేస్తున్నారు, ఆమె పోలేదు. "తాబేలు పిచ్చి పట్టింది నీలవ్వకు," అని గంగామణి నలుగురికీ చెప్పింది. పడితే పట్టింది.

గురువారం పదకొండు గంటల ఎండలో కొమ్ము తనంతట తానే బండ ఎక్కింది.

ముందు రెండు కాళ్ళూ గోనె మీద ఆనించింది. జారింది. మళ్ళీ ఆనించింది. నీలవ్వ పీట మీంచి ముందుకు వంగి, "ఎక్కు, ఎక్కు తల్లీ," అని గొణిగింది. ఎక్కింది. పొడి జాగాలోకి వచ్చి, మెడ బారుగా సాచి, వెనక కాలొకటి చాపి, ఎండలో పడుకుంది. ఆ జీవం పుట్టి ఒళ్ళారా ఎండ కాచుకున్నది ఆ రోజే కావచ్చు. నీలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ బండముక్క జూన్‌లో వేసి ఉంటే రెండూ బతికేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా ఆశ చెడ్డది. ఆ పూట ఆమె కడుపునిండా తింది.

శుక్రవారం కూడా కొమ్ము బండ ఎక్కింది, కానీ ఏమీ తినలేదు. ఉడికించిన గుడ్డు తెల్లసొన, పాలకూర తుంపు, ఎండు రొయ్య పొట్టు, అన్నీ మూతి ముందు పెట్టింది. మూతి తిప్పుకోనైనా లేదు. శనివారం ఎక్కలేకపోయింది. నీలవ్వ ఎత్తి బండ మీద పెడితే పెట్టిన చోటే ఉండిపోయింది. ముక్కు దగ్గర చిన్న నీటి బుడగ లేచి పగులుతోంది, మళ్ళీ లేస్తోంది. నీళ్ళలో వదిలితే కుడి పక్కకు ఒరిగింది. మండ కూడా అలాగే ఒరిగింది.

నీలవ్వ డాక్టరుకు ఫోన్ చేసింది. "నిమ్ము చేసినట్టున్నదవ్వా. వెచ్చగ పెట్టు. ఇగ నా చేతుల లేదు," అన్నాడు కుర్రవాడు.

ఆదివారం వచ్చింది. మహేష్ ఆ రోజు పనికి పోలేదు. తల్లీ కొడుకులిద్దరూ తొట్టి పక్కన కూర్చున్నారు, మధ్యలో ఫోన్. పది కావస్తోంది. కొమ్ము నీలవ్వ ఒడిలో, వెచ్చటి గుడ్డలో ఉంది. చాలాసేపు చూస్తే గానీ మెడ దగ్గర ఊపిరి తెలియడం లేదు.

"రేపు తెలుగు పరీక్ష," అన్నాడు మహేష్ నేల చూస్తూ. "ఒక్క వారం ఓపిక పట్టు అమ్మా. మంచిగున్నదని చెప్పు. నీకు దండం పెడ్త."

"వారం ఇది ఉండదు."

"గందుకే చెప్పకు అంటున్న!"

ఫోన్ మోగింది. నీలవ్వ ఎత్తి స్పీకర్ నొక్కింది. అవతల పిల్లల గోల, ఆ గోలలోంచి భూమిక గొంతు, హుషారుగా. "నాయినమ్మా! కొమ్ము, మండ ఏం జేస్తున్నయ్?"

నీలవ్వ నోరు తెరిచింది. 'మస్తుగున్నయ్' అన్న మాట ఎంత సులువు! అలవాటైన మాట, నోటికి దానంతట అదే వస్తుంది. మహేష్ రెండు చేతులూ జోడించి చూస్తున్నాడు.

"బిడ్డా," అంది. "మండ సచ్చిపోయింది. పోయిన ఆదివారం నువ్వు ఫోన్ జేసినప్పటికే సచ్చిపోయింది. నేను అబద్ధం చెప్పిన."

అవతల గోల అలాగే ఉంది.

"నేనే పసుపు, నూనె రాసి ఖరాబ్ జేసిన. మంచిగైతదనుకున్న. ఎండకు పెట్టాలెనని నాకు తెల్వలే. కొమ్ముకు గూడ గట్లనే అయింది. తొట్టి కట్టిన బిడ్డా, ఎండల బండ ఏసిన, దవాఖానకు తోలుకపోయిన. అన్ని జేసిన. అయినా అది పోయేతట్టే ఉన్నది."

"కొమ్ము... ఇప్పుడు బతికున్నదా?"

"బతికున్నది."

"నిజంగనా?"

"నిజంగనే. నా ఒడిలనే ఉన్నది. ఊపిరి తీస్తున్నది." నీలవ్వ గుడ్డను ఇంకాస్త దగ్గరికి చుట్టింది. "రా బిడ్డా. పరీక్ష పోతే పోనియ్. ఈసారి బతికుండంగనే చూసుకుందువు, రా."

భూమిక, "డాడీని వచ్చి నన్ను తోల్కపొమ్మను," అంది. ఎంత మెల్లగా అందంటే, నీలవ్వకు సరిగా వినబడలేదు. మహేష్‌కు వినబడింది. వెంటనే లేచాడు. చొక్కా తగిలించుకుని, బండి తాళం తీసుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయలుదేరాడు.

ఆ మూడు గంటలూ నీలవ్వ కొమ్మును ఎండలోంచి కదిలించలేదు. నీడ జరిగినప్పుడల్లా తానూ జరిగింది. "ఉండు తల్లీ. వస్తున్నది. జర ఉండు," అని అదే మాట అంటూ కూర్చుంది. కోడలు దవాఖానలో చివరి రోజు, "భూమి వచ్చిందా అత్తమ్మా?" అని అడిగిన సంగతి గుర్తొచ్చింది. అప్పుడు కోడలికీ అబద్ధమే చెప్పింది, బస్సెక్కిందని. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఒంటిగంటన్నరకు బండి వాకిట్లో ఆగింది. భూమిక యూనిఫాంలోనే ఉంది. సంచి తేలేదు. తొట్టినీ, బకెట్‌నీ, బల్బునూ, బండమీది గోనెనూ ఒకసారి చూసింది. వచ్చి నాయినమ్మ ఎదురుగా కూర్చుని దోసిలి పట్టింది. నీలవ్వ గుడ్డతో సహా కొమ్మును ఆ దోసిట్లో పెట్టింది.

"కొమ్మూ," అంది పిల్ల. "నేనొచ్చిన."

అది విందో లేదో దేవుడికెరుక. కుడి కన్ను కాస్త తెరుచుకుంది. మెడ వెంట్రుకవాసి ముందుకు వచ్చింది. భూమిక ఒక వేలితో దాని తల మీద మెల్లగా రాస్తూ ఉండిపోయింది. అన్నం తినమని ఎవరూ అనలేదు. పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. గంటన్నర అలాగే గడిచింది. తర్వాత భూమిక వేలు ఆగింది. కాలు ముట్టి చూసింది, అది లోపలికి ముడుచుకోలేదు. మెడ ముట్టి చూసింది.

"నాయినమ్మా, పోయింది," అంది.

"పోయింది బిడ్డా."

భూమిక దాన్ని గుండెకు ఆనించుకుంది. మొదట చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ముందు "కొమ్మూ, కొమ్మూ" అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఎక్కడో మాట మారి, "అమ్మా... అమ్మా" అని ఏడవడం మొదలుపెట్టింది. పది నెలల ఏడుపు. గంగామణి గోడ పక్కకు వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెనక్కి పోయింది. మహేష్ గడప మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

నీలవ్వ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఊరుకో అనలేదు.

"ఏడువు బిడ్డా," అంది. "ఏడువు."